ముద్ద తిన్నాక ఒకటి

ఆనేకల్
3 జూన్ 2024

ప్రియమైన ఆవులప్పా,

మూత్రపిండాలు నువ్వు రాసినట్టు పంచె ముడి వేసుకునే చోట ఉండవు. ఇంకా పైన, వీపు వైపు, కింది పక్కటెముకల చాటున, వెన్నుకి అటొకటి ఇటొకటి ఉంటాయి. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో బోర్డు మీద ఆ బొమ్మ వేశాను. ఏటా ఎవడో ఒకడు లేచి "మిస్, చిక్కుడు గింజ" అనేవాడు. డెబ్భై ఒక్కేళ్ళ నా తమ్ముడు వాడికన్నా ఒక బెంచీ వెనక ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

కాబట్టి పొద్దున లేవగానే పట్టేసే నీ నడుముకీ నీ మూత్రపిండాలకూ సంబంధం ఉందని నువ్వు తేల్చుకున్నది తప్పు. నాలుగడుగులు వేస్తేనో, వేడినీళ్ళు పోసుకుంటేనో సడలే నొప్పి కండరాలది. నా మనవరాలు సహన మడివాళ పీజీ హాస్టల్లో అప్పడం లాంటి పరుపు మీద పడుకుని రోజూ పొద్దున నడుము నొప్పి అంటుంది. దాన్ని స్కానింగుకి పంపానా? పరుపు మార్చుకోమన్నాను. పిండాలు చెడేటప్పుడు చాలామందికి నొప్పే ఉండదు. చప్పుడు చెయ్యకుండా చెడతాయి. కాళ్ళు ఉబ్బడం, ఆకలి చావడం, దురద, మూత్రంలో నురగ, చూసుకోవాల్సింది ఇవి. ఇవన్నీ నీకున్నాయి. రెండో పేజీలో, చకోత పండ్ల చెట్లకు ఎరువు వేసిన సంగతి అంతా అయ్యాక రాశావు. నీకు నీ చెట్లు ముందు.

క్రియాటినిన్ నాలుగు పాయింట్ ఎనిమిది అని రాసి పక్కన "ఎక్కువా అక్కా?" అని అడిగావు. ఎక్కువే. ఒకటింబావు దాటకూడనిది నాలుగు దాటింది. నీ కోడలు మునిలక్ష్మి రోజూ పరగడుపున పోస్తున్న అరటి బోదె దిండు రసం ఇవాళే మాన్పించు. రాళ్ళు ఉన్నవాళ్ళు తాగి కరిగాయని చెప్పుకుంటారు, చెప్పుకోనీ. నీకున్నది రాయి కాదు. ఆ రసంలో, లేత కొబ్బరినీళ్ళలో పొటాషియం మెండు. పనిచెయ్యని పిండం దాన్ని బయటికి పంపలేదు. అది గుండె మీదికి పోతుంది. మునిలక్ష్మి మంచిపిల్ల. మంచితనంతో మనిషిని చంపకూడదని చెప్పు.

డాక్టరు నిన్ను ఏమేమి అడిగాడో, నువ్వు ఏమేమి చెప్పావో వరసగా రాయి. ఫోను వద్దు. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది దాని వెనకాలే బయల్దేరింది. పైగా మన రెండిళ్ళలో తెలుగు చదవను రాయను వచ్చింది మనిద్దరికే. తక్కినవాళ్ళంతా తెలుగులో తిట్టుకుని కన్నడంలో సంతకం పెట్టేవాళ్ళు. జాబులో ఏం రాసుకున్నా మన మధ్యే ఉంటుంది, భయపడకుండా రాయి.

నీ మీద కోపం తగ్గని,
నళిని అక్క


దేవనహళ్ళి
9 జూన్

ప్రియమైన నళినక్కకు,

నీ జాబు రెండు తూర్లు చదివితి. మొదటి తూరి తిట్లు, రెండో తూరి సంగతి. దిండు రసం మాన్పిస్తి. మునిలక్ష్మి మొకం మాడ్చుకుండాది. "మీ అక్క డాక్టరా?" అనె. "డాక్టర్లకి సైన్సు చెప్పింది ఎవరనుకుంటివి?" అంటి.

పెద్దాసుపత్రి డాక్టరు చిన్నపిల్లోడు అక్కా, మా పిల్లోడు నాగరాజ్ కన్నా చిన్నోడు. కంప్యూటర్లో చూపించె. రెండూ చిక్కిపొయ్యి ఉండాయంట. పదమూడు పర్సెంటే పని చేస్తా ఉండాయంట. ఇంగా తగ్గితే చేతికి నరం కలిపి డయాలసిస్ మిషనుకి కట్టాల అనె. వారానికి రెండు దినాలు, తూరికి నాలుగు గంటలు. ఎన్ని వారాలు సార్ అంటే నాగరాజ్ మొకం చూసె.

నాకు ఆ మిషను భయంగా ఉండాది. సిగ్గెందుకు, నీకు కాక ఎవురికి చెప్పేది. ఈడ ఊరంతా వైద్యులే. ఒకరు పల్లేరు కాయల కషాయమంటారు, ఒకరు బార్లీ గంజి అంటారు, పాల అంగడాయప్ప కొండపిండాకు నూరి తెచ్చి ఇచ్చె. ఏది తాగాల్నో నువ్వు రాయి. నువ్వు చెప్పిందే తాగుతా, ఇంకోటి ముట్టను. మిషను దాకా పోకుండా చేసే మందు ఒకటి చెప్పక్కా. నీకు తెలీకుండా ఉండదు.

డాక్టరు అడిగినేవి వరసగా రాయమంటివి. సారాయి తాగుతావా అనె, లేదంటి. షుగరుందా అనె, లేదంటి. బీపీ ఉండాది, దానికి ఆసుపత్రోళ్ళు ఇచ్చిన మాత్ర వేసుకుంటా. నొప్పి మాత్రలు ఏమన్నా మింగుతావా అనె. నా అంతట నేను ఏ మందు జోలికీ పోను సార్ అంటి. నిజమే కదా. పొద్దున నువ్వు చెప్పిన నడుము మాత్ర ఒకటి, అంతే. అది మనింటి మందు, దాన్ని ఆయప్పకి చెప్పేదేముంది.

ఈ ఏడు చకోతలు బాగా కాసుండాయి. తెంపేకి నేనుంటానో లేదో.

నీ మాట దాటని
తమ్ముడు ఆవులప్ప


ఆనేకల్
13 జూన్

ఆవులప్పా,

ఏ మాత్ర?

పేరు రాయి. రాయడం రాకపోతే ఖాళీ అట్ట ఈ జాబుకి జవాబుగా కవర్లో పెట్టి పంపు. ఎప్పటినుంచి, రోజుకి ఎన్ని, ఎవరిచ్చారు, మొత్తం రాయి. కషాయాల సంగతి తర్వాత. ఇది చదవగానే ఆ మాత్ర ఆపు. రేపటినుంచి కాదు, ఇప్పుడే.

నళిని


దేవనహళ్ళి
17 జూన్

ప్రియమైన అక్కకు,

ఆపమంటివి, ఆపితి. రెండు దినాలుగా పొద్దున మంచం దిగలేకుండా ఉండాను. నాగరాజ్ చంకలో చేతులేసి లేపతా ఉండాడు, బిడ్డని లేపినట్ల. సరే, నువ్వు చెప్పినావంటే ఏదో ఉంటాది.

అట్ట దీంట్లో పెట్టుండాను. ఏ మాత్ర అని నన్నడుగుతావేమి, నువ్వు పంపినదే. 2019లో, ఆగస్టు నెల. నీ జాబు నా దగ్గర భద్రంగా ఉండాది. ఉన్నదున్నట్ల రాస్తా చూడు: "నడుము పట్టేసిందని ముసలివాడిలా మంచం మీద మూలగొద్దు. నా మోకాలికి రాసిచ్చిన మాత్రలు పది మిగిలాయి, దీనితో పంపుతున్నాను. పొద్దున ముద్ద తిన్నాక ఒకటి వేసుకో. ఈ మాత్రం నొప్పికి ఆసుపత్రికి పరిగెత్తి నవ్వులపాలు కావొద్దు."

ఆ పదీ అయిపొయినంక అట్ట తీసకపొయ్యి హనుమంతు మెడికల్ షాపులో చూపిస్తి. ఎవురు రాసిచ్చినారనె. మా అక్క, హెడ్‌మిస్ అంటి. ఇచ్చె. అప్పట్నించి నెలనెలా ఇస్తా ఉండాడు. లాక్‌డౌన్లో పోలీసోళ్ళు లాఠీలు పట్టుకోని నిలబడుంటే కూడా సందుల్లో పొయ్యి తెచ్చుకుంటి. ఒక్క పొద్దు తప్పలేదక్కా. ముద్ద తిన్నాకనే, నువ్వు చెప్పినట్లే, వట్టి కడుపుతో ఎప్పుడూ మింగలేదు. చకోత తెంపే దినాల్లో మాత్రం సాయంత్రం ఇంకోటి వేసుకుంటా, ఆ తప్పు ఒప్పుకుంటా.

నడుము నొప్పి పోలేదు గానీ మాత్ర పడితే మనిషిని నిలబెడతాది. ఐదేండ్లు నేను తోటలో నిలబడిందే దాని మింద. అంటే నీ మింద.

ఎందుకు ఆపమంటివి? దీనికన్నా మంచిది ఏమన్నా వచ్చుండాదా?

నీ
ఆవులప్ప


ఆనేకల్
21 జూన్

ప్రియమైన తమ్ముడూ,

మూడో తారీఖు జాబులో నీ నడుము నొప్పికీ నీ మూత్రపిండాలకూ సంబంధం లేదని రాశాను. ఉంది. మధ్యలో నేనున్నాను.

అట్ట చూశాను. నీకు అర్థమయ్యేలా చెబుతాను, ఒకసారే చెబుతాను. ఈ జాతి నొప్పి మాత్రలు మూత్రపిండానికి పోయే నెత్తురు దారిని బిగిస్తాయి. ఐదు రోజులైతే చాలామందికి ఏమీ కాదు. బీపీ ఉన్న మనిషి ఐదేళ్ళు రోజూ మింగితే, తోటకి కాలవ తగ్గించి తగ్గించి మూసేసినట్టు ఎండగడతాయి. నీ డాక్టరు కంప్యూటర్లో చూపించినవి అలా ఎండినవే. బీపీ వాటా కొంత ఉంటుంది. నా వాటా ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేరు. తక్కువ కాదు.

నాకు డాక్టరు ఐదు రోజులకి రాశాడు. ఆరో రోజు నేను మానేశాను. ఎందుకు మానాలో నాకు తెలుసు, చదువుకున్నదాన్ని కదా. మిగిలినవి పారెయ్యడం ఎందుకని నీకు పంపాను. పది మాత్రలు అయ్యాక ఆపమని రాయలేదు. పది అయిపోతే అదే ఆగిపోతుందనుకున్నాను. నా మాట నువ్వు ఎంత దూరం మోస్తావో డెబ్భై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అయినా అలా అనుకున్నాను. ఆసుపత్రికి పోవద్దని కూడా రాశాను. ఎవరైనా డాక్టరు ముందు కూర్చుని ఉంటే మొదటి ఏడాదే ఆపించేవాడు.

మందు చెప్పమని అడిగావు. లేదు. పల్లేరు కాయ, బార్లీ, కొండపిండాకు, ఏదీ చచ్చిన పిండాన్ని లేపదు. ఉన్న పదమూడును కూడా ముంచకుండా ఉంటే చాలు. ఉప్పు తగ్గించు. నీళ్ళు డాక్టరు చెప్పిన కొలత దాటొద్దు. ఆకులూ వేర్లూ నూరి తెచ్చిన వాళ్ళకి దండం పెట్టి పంపు. మిషనుకి రమ్మంటే పో. భయమేస్తే భయపడుతూనే పో.

ఈ జాబులో ఇంకో కాగితం ఉంది, కన్నడంలో రాశాను. మాత్ర పేరు, ఎన్నేళ్ళు మింగావు, ఎవరు మింగమన్నారు, అంతా ఉంది. నాగరాజ్ చేతికి ఇయ్యి. వాడు డాక్టరుకి చూపిస్తాడు. డాక్టరుకి తెలియాలి, మళ్ళీ అలాంటి మాత్ర ఎవరూ రాయకుండా. నాగరాజ్‌కీ తెలియాలి.

క్షమించమని రాయను. ఆ మాట రాస్తే నువ్వు "పోనీలే అక్కా" అంటావు. అది నాకు అక్కర్లేదు.

నళిని


దేవనహళ్ళి
2 జులై

ప్రియమైన అక్కకు,

మిషను మొదలాయ. సోమారం ఒకటి అయింది, అంతకు ముందు గురువారం ఒకటి. చేతి నరం పండేకి ఇంగా టైమంట, అంతవరకు మెడలో గొట్టం పెట్టినారు. నాలుగు గంటలు పైకప్పు చూస్తా పడుకోవాల. పక్క మంచంలో ఒక బస్సు డ్రైవరు. ఆరేండ్లుగా వస్తా ఉండాడంట. ఆరేండ్లకి బాగైందాప్పా అంటి. నవ్వె. బాగయ్యేది కాదు తాతా, నడిచేది అనె.

పొద్దున నడుము అట్లే ఉండాది. మాత్ర ల్యా, మిషనుండాది. రెండూ చేసేది నన్ను లేపేకే కదా అని నాకు నేనే చెప్పుకుంటా ఉండాను.

నీ కన్నడం కాగితం నేను నాగరాజ్‌కి ఇయ్యలేదు. బచ్చలింట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేస్తి. ఇస్తే వాడు నిన్ను గడప తొక్కనియ్యడు. వాని కోపం నీకు తెలీదు. ఉన్న నాలుగు దినాలు నాకు జాబు రాసేదెవరు? మాత్ర పేరు మాత్రం నేనే డాక్టరుకి చెప్తి, నడుము నొప్పికి నాకు నేనే కొనుక్కుంటి అని. ఆయప్ప తల పట్టుకునె. తిట్లు నేను తింటి. తిట్లు తినేది నీకన్నా నాకే అలవాటు.

ఒకటి మాత్రం అడగాల. రాత్రంతా అదే నమల్తా ఉండాను. "నీ మాత్ర వేసుకుంటా ఉండాను" అని నేను ప్రతి జాబులోనూ రాస్తి కదక్కా? ఉగాదికి రాసిన దాంట్లో, మా ఇంటిది పొయినప్పుడు రాసిన దాంట్లో, అన్నిట్లో. నువ్వు చూసి ఊరుకుంటే సరేనని అనుకుంటి. నువ్వు చదవలేదా?

కోపం కాదు. తెలుసుకుందామని.

ఇంకో సంగతి. మాత్రలు ఇంట్లో ఆరు అట్టలు మిగిలుండె. పారేసేకి చేతులు రాలేదు. రెండిండ్ల అవతల పెద్దమునియప్ప ఉండాడే, నాతో ఆవులు మేపినాయప్ప, ఆయప్పకి నడుము వంగిపొయ్యి ఉండాది. ఆయప్పకి ఇస్తి. నా పిండాలు పాడైనేవి గాని ఆయప్పవి గట్టివే. అయినా పది దినాలే మింగు, ఎక్కువ వద్దు అని గట్టిగా చెప్తి.

నీ
ఆవులప్ప


ఆనేకల్
5 జులై, పదకొండున్నర

ఆవులప్పా,

నీ జాబు ఇప్పుడే వచ్చింది. పోస్టుకి వేస్తే మూడు రోజులు. అందుకని మా అబ్బాయి సురేశ్‌ని ఆఫీసుకి సెలవు పెట్టించి కారులో పంపుతున్నాను. వాడు పెట్రోలు పోయించుకుని వచ్చేలోగా రాయగలిగింది రాస్తాను.

నువ్వు అడిగినదానికి జవాబు. చదివాను. నీ జాబులున్న పెట్టె పోయిన నెల పదమూడునే దించాను, నీకు "ఏ మాత్ర" అని రాసిన సాయంత్రం. ఐదేళ్ళలో పద్నాలుగు జాబులు రాశావు. పదకొండింట్లో ఆ మాట ఉంది. ఒక దాంట్లో "నీ మాత్ర దయ వల్ల" అని ఉంది. ప్రతి జాబుకీ జవాబు రాశాను. నీ ఎరువుల లెక్క తప్పన్నాను, నాగరాజ్ కొన్న బైకు తప్పన్నాను, మీ ఆవిడ పోయినప్పుడు పదో రోజు కర్మకి నువ్వు పిలిచిన పురోహితుడు తప్పన్నాను. ఆ మాట మీదుగా పదకొండుసార్లు కళ్ళు పోనిచ్చి దాటిపోయాను. ఏదో తమ్ముడు అక్కను పొగుడుతున్నాడనుకున్నాను. పొగిడితే దిద్దేదేముంటుంది? ఈ సంగతి ఇరవై ఒకటో తారీఖు జాబులో రాయలేదు. ఒప్పుకున్నట్టే ఒప్పుకుని సగం దాచుకున్నాను. ఇప్పుడు మొత్తం నీ చేతిలో ఉంది.

కన్నడం కాగితం నువ్వు పొయ్యిలో వేస్తావని నాకు తెలుసు. అందుకే అదే రోజు ఇంకో కాపీ నాగరాజ్ పేర రిజిస్టరు పోస్టులో వేశాను. వాడు నీకు చెప్పినట్టు లేదు. పోయిన ఆదివారం ఇక్కడికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు. నీళ్ళిస్తే పుచ్చుకోలేదు. వాకిట్లోనే నిలబడి, నాకు వినబడాలని కాబోలు, ఒక్కో మాటా నొక్కి చెప్పాడు: "అత్తా, మీ జాబు వచ్చిన దినం మా నాయన దాన్ని దేవుని పటం ముందర పెట్టి, స్నానం చేసొచ్చి, అప్పుడు విప్పేవాడు. అది ఏం రాసుంటారో మాకు చదివేకి రాదు. ఏదో మంచి మాట అనుకుంటిమి." అంతే. అరవలేదు. అరిచి ఉంటే తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. పోతూ పోతూ "ఇంటికి మాత్రం రావద్దండి" అన్నాడు. "అండి" అన్నాడు చూడు, నలభై ఏళ్ళలో మొదటిసారి. న్యాయమే. వాడిని ఏమీ అనకు.

నా మూత్రపిండం ఒకటి నీకు పనికొస్తుందేమో అని అడిగించాను. సురేశ్ ఇక్కడి ఆసుపత్రిలో కనుక్కొచ్చాడు. డెబ్భై ఆరేళ్ళ ముసలిదాని పిండం తీసుకోరట. తీసుకుంటే ఇద్దరం పోతామట. కాబట్టి అదీ లేదు. నువ్వు బాగవుతావని నేను రాయను. ఆ బస్సు డ్రైవరు చెప్పిందే నిజం. నడుస్తుంది. ఎన్నాళ్ళు నడుస్తుందో నీకూ నాకూ తెలియదు. నడిచినన్నాళ్ళూ రాస్తాను. నువ్వు రాసింది ప్రతి ముక్కా చదువుతాను.

పొద్దున మంచం దిగేటప్పుడు వెల్లకిలా లేవకు. ముందు మోకాళ్ళు ముడుచుకో, పక్కకి ఒత్తిగిల్లు, కాళ్ళు కిందికి జార్చి చేతి మీద బరువు వేసి లే. మునిలక్ష్మిని వేడినీళ్ళ సంచీ నడుముకి పెట్టమను. నీ నడుముకి ఐదేళ్ళ కిందట నేను చెప్పాల్సిన వైద్యం ఇదొక్కటే.

సురేశ్ హారన్ కొడుతున్నాడు, నాకే వినిపిస్తోందంటే వీధంతా గుమ్మాల్లోకి వచ్చి ఉంటుంది. ఇప్పుడు చెయ్యాల్సిన పని. ఈ కాగితం జేబులో పెట్టుకుని పెద్దమునియప్ప ఇంటికి పో. సురేశ్‌ని వెంటబెట్టుకో, కానీ మాట నువ్వే చెప్పు. ఆయన నీ మాట తప్ప వినడు. ఆయన పిండాలు గట్టివో కావో నీకూ నాకూ తెలియదు, నీవీ గట్టివే అనుకున్నాం. నువ్వు పది రోజులన్నావు, ఆరు అట్టలు చేతిలో పెట్టావు. ఆరు అట్టలూ వెనక్కి తీసుకో. నువ్విచ్చిన రోజు నుంచి లెక్కేసి ఎన్ని మింగాడో అడిగి ఖాళీ అట్ట వెనక రాయి. కాళ్ళ మీద వేలితో నొక్కి చూడు, గుంట పడితే సురేశ్ ఆయన్ని అలాగే కారులో ఆసుపత్రికి తీసుకుపోతాడు, వాడికి చెప్పాను. అక్కడినుంచి హనుమంతు షాపుకి పోండి. అక్క పేరు చెప్పినా, చెల్లెలి పేరు చెప్పినా, డాక్టరు చీటీ లేకుండా ఆ మాత్ర ఇంక ఎవరికీ ఇయ్యొద్దని చెప్పు. మధ్యాహ్నం మూడింటికి షట్టరు దించేస్తాడని నువ్వే ఒకసారి రాశావు. ఆలోపు పోండి.

నళిని